‘మొదట’ అన్న మాట: తెలుగు క్రైస్తవ సాహిత్యంలో రక్షణ, ఐహిక విచారం

ప్రవేశిక

తెలుగు క్రైస్తవ సాహిత్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు తరచు వినిపించే ఆక్షేపణ ఒకటుంది. అది పరలోకం మీదనే చూపు నిలిపి ఇహలోకాన్ని విస్మరించిందనీ, ఆకలినీ అవమానాన్నీ అనుభవిస్తున్నవారికి రక్షణను గురించి చెప్పి ఊరుకుందనీ ఆ ఆక్షేపణ సారాంశం. ఇదే లక్షణాన్ని భక్తులు గుణంగా భావిస్తారు. విశ్వాసికి లోకంతో పనిలేదనీ, ఈ బతుకు నాలుగు నాళ్ల ముచ్చటేననీ, ఆత్మ రక్షణ ఒక్కటే చాలుననీ వారు ఆనందంగా చెప్పుకుంటారు. ఒకరు దోషమన్నదాన్నే మరొకరు గుణమంటున్నారు. కాని అర్థం విషయంలో రెండు పక్షాలకూ భేదం లేదు. రక్షణకు ప్రాధాన్యమివ్వడమంటే లోకాన్ని విడిచిపెట్టడమేనని ఉభయులూ అంగీకరిస్తున్నారు. ఈ వ్యాసం ఆ ఉమ్మడి అంగీకారాన్నే ప్రశ్నిస్తుంది.

ఈ భావానికి మూలమైన ఉపదేశం మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో, కొండమీది ప్రసంగంలో ఉంది. తిండినీ బట్టనూ గురించిన చింతతో నలిగిపోవద్దనీ, దేవుని రాజ్యాన్నీ ఆయన నీతినీ మొదట వెదకమనీ, తక్కినవి వాటివెంట సమకూరుతాయనీ దాని తాత్పర్యం. అందులో ‘మొదట’ అన్న మాట కీలకమైనది. ‘మొదట’ అన్నప్పుడు ‘తరువాత’ ఒకటి ఉండి తీరాలి. ఒక్కటే ఉన్నచోట మొదటిదీ రెండోదీ ఉండవు. కనుక ఆ మాట చెప్పేది విసర్జనను కాదు, వరుసను. ఈ వరుస తెలుగులో విసర్జనగా ఎలా పరిణమించింది? తెలుగు క్రైస్తవ రచనలూ, వాటి వెనకనున్న జీవితాలూ ఆ పరిణామాన్ని నిజంగా సమర్థిస్తున్నాయా? ఈ రెండు ప్రశ్నలనూ పదజాలం, కీర్తన నిర్మాణం, చరిత్ర, కావ్యం అనే నాలుగు ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పదజాలం: ఇహమా, యుగమా?

వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో విత్తువాని ఉపమానం చెప్పేచోట, ముళ్లపొదల్లో పడిన విత్తనాన్ని అణచివేసేవాటిలో ఒకదానికి ‘ఐహిక విచారము’ అన్న పేరు కనిపిస్తుంది. తెలుగు క్రైస్తవ ప్రసంగ భాషలో స్థిరపడిపోయిన సమాసమిది. మూలమైన గ్రీకులో ఈ చోట ఉన్న రెండు మాటలు ‘మెరిమ్న’, ‘అయోన్’. మొదటిదానికి చింత, బెంగ అని అర్థం. రెండవది కాలవాచకం. యుగం, కాలవిశేషం అని దాని ప్రధానార్థం. అంటే అక్కడ చెప్పింది ప్రస్తుత యుగానికి సంబంధించిన చింతను గురించి. గడిచిపోతున్న ఒక కాలం, రాబోతున్న మరొక కాలం అనే దృష్టి దాని వెనక ఉంది.

తెలుగులో ‘ఐహిక’ శబ్దం రాగానే ఈ దృష్టి మారిపోయింది. ‘ఇహ’ అంటే ఇక్కడ. ఇహానికి ఎదుట పరం ఉంటుంది. ఇహపరాలు మన భాషలో శతాబ్దాలుగా జంట మాటలు. కాలానికి చెందిన భేదం ఆ విధంగా స్థలానికి చెందిన భేదమైంది. వస్తున్న రాజ్యం కోసం ఎదురుచూడవలసినవాడు పైనున్న లోకానికి ఎక్కిపోవలసినవాడయ్యాడు. ఇందులో అనువాదకుల తప్పేమీ లేదు. పాఠకుడికి తెలిసిన మాటను వాడడం వారి ధర్మం. కాని తెలిసిన మాట తన సంసారాన్ని కూడా వెంట తెచ్చుకుంటుంది.

‘విచారము’ అన్న మాటకూ ఇటువంటి కథే ఉంది. సంస్కృతంలో అది ఆలోచన, పరిశీలన. ఆత్మవిచారమంటే ఆత్మను గురించిన దుఃఖం కాదు, అన్వేషణ. తెలుగు వ్యవహారంలో విచారం దుఃఖంగా, బెంగగా స్థిరపడింది. దీనివల్ల ‘ఐహిక విచారము’ అన్న సమాసాన్ని రెండు విధాల చదివే అవకాశం ఏర్పడింది. ఇహాన్ని గురించి బెంగపడవద్దని ఒక అర్థం. ఇహాన్ని గురించి ఆలోచించనే వద్దని మరొక అర్థం. సువార్తకారుడు ఉద్దేశించింది మొదటిదే. లూకా సువార్తలో మార్త పనుల ఒత్తిడిలో పడి నలిగిపోతున్నప్పుడు కూడా తెలుగు అనువాదం ‘విచారము’ అనే మాటనే వాడింది. అక్కడ మందలింపుకు గురైంది అతిథికి వండిపెట్టడం కాదు, ఆ పనిలో మనసు ముక్కలుగా చీలిపోవడం. మరియ ఎంచుకున్నది ఉత్తమమని చెప్పినంతమాత్రాన మార్త వండింది వ్యర్థమని అర్థం కాదు. ప్రసంగాలలో మాత్రం మార్త పొయ్యికీ మరియ భక్తికీ మధ్య విరోధం కల్పించడం అలవాటైంది. రోజంతా పొయ్యి దగ్గర గడిపే స్త్రీలకు ఈ కథ ఎలా వినిపిస్తుందో ఆలోచిస్తే, ఆ వ్యాఖ్యానపు లోపం తేలికగానే బోధపడుతుంది.

మూడవ మాట ‘రక్షణ’. మోక్షం, ముక్తి అన్న మాటలు అందుబాటులో ఉన్నా తెలుగు బైబిలు ప్రధానంగా రక్షణ శబ్దాన్నే స్వీకరించింది. ఇది గొప్ప ఎంపిక. ముక్తి అంటే విడిపోవడం. రక్షణ అంటే కాపాడబడడం. ముక్తిలో బంధం తెగుతుంది, రక్షణలో ఒకరితో బంధం ఏర్పడుతుంది. ముక్తుడికి ఎవరూ అక్కరలేదు, రక్షితుడికి రక్షకుడు కావాలి. ఈ భేదాన్ని నిలబెట్టుకొని ఉంటే సగం సమస్య తీరేది. కాని ప్రసంగ భాషలోనూ పాటలలోనూ రక్షణ, ముక్తి, మోక్షం పర్యాయపదాలుగా చెలామణి అయ్యాయి.

ఇంకొక సంగతి మరింత ముఖ్యమైనది. గ్రీకు మూలంలో రక్షించడానికి వాడిన ‘సోజో’ అన్న క్రియకు స్వస్థపరచడం, ఆపదనుండి తప్పించడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. లూకా సువార్త ఏడవ అధ్యాయంలో యేసు పాదాలను కన్నీటితో తడిపిన స్త్రీతోనూ, ఎనిమిదవ అధ్యాయంలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీతోనూ ఆయన పలికిన మాట మూలంలో ఒక్కటే. విశ్వాసం వారికి చేసిన మేలును చెప్పే క్రియ కూడా ఒక్కటే. తెలుగులో మొదటి స్త్రీ విషయంలో అది ‘రక్షించు’, రెండవ స్త్రీ విషయంలో ‘స్వస్థపరచు’ అయింది. సందర్భాన్నిబట్టి రెండూ సరైన అనువాదాలే. అయినా ఫలితం గమనించదగింది. మూలంలో ఒకే మాటలో ఇమిడి ఉన్న ఆత్మ, శరీరం తెలుగులో రెండు మాటలుగా విడిపోయాయి. పాపం పోవడం రక్షణ, రోగం పోవడం స్వస్థత. ఒకటి పరం, ఒకటి ఇహం. తెలుగు పాఠకుడు ఈ విభజన గ్రంథంలోనే ఉందనుకుంటాడు.

ఈ పరిశీలనను బట్టి తేలేదేమిటంటే, తెలుగు క్రైస్తవ భాషలోని లోకవిముఖత సువార్తనుండి ఎంత వచ్చిందో, అంతకు ముందే మనకున్న వైరాగ్య పదజాలంనుండి కూడా అంత వచ్చింది. భవసాగరం, సంసార బంధం, మాయ, తుచ్ఛ సుఖాలు అన్న మాటలు శతకాల నుండి, తత్త్వాల నుండి క్రైస్తవ గీతంలోకి నడిచివచ్చాయి. ఆ మాటలు ఒక ప్రత్యేకమైన అనుభవం నుండి పుట్టినవి. కాళహస్తీశ్వర శతకంలో ధూర్జటి రాజసేవను ఈసడించాడంటే రాజాస్థానం ఆయన ఎరిగినదే కనుక ఆ ఈసడింపుకు విలువ వచ్చింది. లోకం చేతికి అందినవాడు దాన్ని వదలడం వైరాగ్యం. అందనివాడి మాటేమిటి? తెలుగు క్రైస్తవ సంఘంలో అత్యధికులు ఈ రెండో వర్గంవారే.

ప్రార్థనలోని వరుస

మొదట, తరువాత అన్న క్రమం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి అదే ఆరవ అధ్యాయంలో ఉన్న ప్రభువు ప్రార్థన మంచి ఆధారం. ప్రతి తెలుగు క్రైస్తవుడికీ అది కంఠస్థం. అందులో దేవుని నామం, రాజ్యం, చిత్తం ముందు వస్తాయి. వాటి వెంటనే వచ్చేది ఆనాటి ఆహారం. ఆ తరువాత ఋణాల క్షమాపణ. అంటే చింతించవద్దని చెప్పిన అధ్యాయమే తిండిని అడగమని నేర్పింది. అడగడం చింత కాదు. చింత మనిషిని తనలోకి కుంచింపజేస్తుంది. అడగడం అతన్ని మరొకరి ఎదుట నిలబెడుతుంది. పైగా ఆ ప్రార్థనలో ఆహారాన్ని అడిగేది ఒక్కరి కోసం కాదు, ‘మా’ కోసం.

ఋణమన్న మాట కూడా ఇక్కడ గమనించదగింది. తెలుగు అనువాదం మత్తయి పాఠంలో ‘ఋణములు’, ‘ఋణస్థులు’ అన్న మాటలనే నిలిపింది. పాపాలన్న అర్థంలోనే దాన్ని వాడుతున్నా, అప్పుల్లో పుట్టి అప్పుల్లో పోయే పల్లె బతుకుల్లో ఆ మాట వట్టి రూపకంగా మిగిలిపోదు. దేవుడి దగ్గర బాకీ తీరినవాడు తన బాకీదారుడితో ఎలా వ్యవహరించాలన్న లౌకిక ప్రశ్న అందులో ఉంది. లూకా పందొమ్మిదవ అధ్యాయంలోని జక్కయ్య కథ ఈ ప్రశ్నకు సూటి జవాబు. సుంకపు గుత్తదారుల్లో పెద్దయిన జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు చెల్లిస్తాననీ చెప్పిన తరువాతనే, ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న ప్రకటన వినిపిస్తుంది. రక్షణ అన్న మాట అక్కడ జమాఖర్చుల పక్కన నిలబడి ఉంది. దానికి పూర్వం పన్నెండవ అధ్యాయంలో, పంట విరివిగా పండితే పాత కొట్లు విప్పి పెద్దవి కట్టుకోవాలని తలపోసి ఆ రాత్రే ప్రాణం పోగొట్టుకున్న ధనవంతుడు కనిపిస్తాడు. అతని తప్పు పంట పండించడం కాదు. అతని ఆలోచనంతా ‘నా పంట’, ‘నా కొట్లు’, ‘నా ప్రాణం’ చుట్టూ తిరిగింది. దేవుడికీ పొరుగువాడికీ అందులో చోటు లేదు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే, రక్షణ ముందు నిలిచినప్పుడు లోకం మాయమైపోదనీ, లోకంలోని వస్తువులు చేతులు మారతాయనీ తెలుస్తుంది.

కీర్తన నిర్మాణం

ఈ వరుసకు తెలుగులో దొరికిన ఉత్తమ రూపం కీర్తన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటిలో పాటకు పైన రాగం, తాళం పేర్లు ముద్రిస్తారు. పల్లవి, అనుపల్లవి, చరణాల విభాగం మన సంకీర్తన సంప్రదాయంలోనిదే. ఈ నిర్మాణాన్ని అలంకారంగా కాక, అర్థాన్ని నిర్ణయించే శక్తిగా చూడవలసి ఉంది.

చరణాల్లో సాధారణంగా అనేకం ఉంటాయి: శ్రమలు, శోధనలు, బంధువుల తిరస్కారం, రోగం, మరణభయం, చేసిన తప్పుల జాబితా. పల్లవిలో ఒక్కటే ఉంటుంది: పిలుపో, శరణాగతో, స్తుతో. ప్రతి చరణం చివరా గాయకుడు పల్లవికి తిరిగి రావాలి. చరణాలు లేని కీర్తన లేదు. పల్లవి లేకపోతే చరణాలకు పొత్తు లేదు. ‘మొదట’ అన్న మాట ఇక్కడ నాదరూపం పొందింది. మొదటిదాన్ని ఒకసారి చెప్పి ముందుకు పోవడం కాక, ప్రతి చింత తరువాతా దానివద్దకే తిరిగి రావడం కీర్తన నేర్పే క్రమశిక్షణ. చింతలను అణచిపెట్టమని కీర్తన చెప్పదు. వాటిని ఒక్కొక్కటిగా పాడిస్తుంది. పాడించి, ఏది ఎక్కడ నిలవాలో అక్కడ నిలుపుతుంది. చరణాల్లోని వైరాగ్య పదజాలాన్ని మాత్రమే ఏరి ఈ గీతాలను లోకవిముఖమని తేల్చే విమర్శ ఈ రాకపోకల గతిని లెక్కలోకి తీసుకోలేదు. పుస్తకంలో ఒక్కసారి అచ్చయిన పల్లవిని గొంతు ఎన్ని మార్లు పలుకుతుందో కన్ను చూడలేదు.

ఈ సంప్రదాయానికి ఆద్యుల్లో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన చౌదరికి లోకాన్ని విడవడమంటే ఏమిటో స్వానుభవం. ఆ కాలంలో అటువంటి నిర్ణయానికి మూల్యం కులం, బంధువర్గం, ఇంటి గౌరవం. ఆయన గ్రంథనామాలే ఒక వాదాన్ని వినిపిస్తాయి. ‘నిస్తారరత్నాకరము’ అన్న పేరులో నిస్తారమంటే దాటడం. రత్నాకరమంటే సముద్రం, రత్నాలకు గని. దాటవలసింది కూడా సముద్రమే, దాటించేది కూడా సముద్రమంత నిధే అన్న శ్లేష అందులో స్ఫురిస్తుంది. భవసాగరమన్న పాత రూపకం ఇక్కడ భయాన్ని వదిలి సంపదను సూచించింది. ఆయన మరొక రచన ‘కులాచార పరీక్ష’. రక్షణను అన్నిటికన్న ముందు నిలిపిన వ్యక్తి కులాన్ని పరీక్షకు పెట్టడం యాదృచ్ఛికం కాదు. లోకం మిథ్య అయితే కులం కూడా మిథ్యే, దాన్ని పరీక్షించవలసిన అగత్యమే ఉండదు. లోకంలో ఏది మొదటి స్థానాన్ని అక్రమంగా ఆక్రమించుకుందో దాన్ని నిలదీయడం, మొదటి స్థానం దేవునిదని నమ్మినవాడికి తప్పనిసరి అవుతుంది. చౌదరి కీర్తనలను మాత్రమే చదివి ఆయన్ను పరలోక కవిగా పరిగణించేవారు ఈ రెండో గ్రంథాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కరువు కాలపు పరీక్ష

సిద్ధాంతం ఎక్కడ నిలబడుతుందో తెలియడానికి కరువును మించిన పరీక్ష లేదు. 1876–78 నాటి ధాతు కరువులో ఒంగోలు ప్రాంతం దారుణంగా దెబ్బతింది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. సంఘ బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. పని మధ్య విరామాల్లో వారు ఎక్కువగా చెప్పింది, ప్రయాసపడి బరువులు మోసేవారిని యేసు తన దగ్గరికి రమ్మన్న పిలుపును గురించి. తలమీద మట్టితట్టతో నిలబడి ఉన్నవాడికి ఆ మాట రూపకంగా కాక, తన ఒంటి గురించి చెప్పినట్టు వినిపించి ఉంటుంది. ఆత్మభారమనీ దేహభారమనీ విడదీసే వ్యాఖ్యాత అక్కడ లేడు.

ఈ చరిత్రలో విమర్శకుడు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం మరొకటి. సహాయం పంచుతున్న కాలంలో ఏడాదికి పైగా క్లౌ బాప్తిస్మాలను నిలిపివేశాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదనీ, అటువంటి చేరిక జరగకూడదనీ ఆయన సంకల్పం. సహాయం ముగిసిన తరువాతనే మళ్లీ ప్రారంభించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య ప్రసిద్ధమైనది. దానికి ముందున్న నిరీక్షణ అంత ప్రసిద్ధం కాలేదు. నా దృష్టిలో ఈ రెంటిలోనూ నిరీక్షణకే విలువ ఎక్కువ. విశ్వాసాన్ని ముందు నిలపడమంటే అన్నాన్ని ఆపడం కాదని అది నిరూపించింది. అన్నం ముందే అందింది, ఏ షరతూ లేకుండా అందింది. విశ్వాసాన్ని అన్నానికి ప్రతిఫలంగా స్వీకరించకపోవడంలోనే దాని ప్రాధాన్యం నిలిచింది. కాలక్రమంలో అన్నం మొదట వచ్చింది, విలువల క్రమంలో విశ్వాసం మొదట నిలిచింది. ‘మొదట’ అన్న మాటకున్న రెండు అర్థాలు ఇక్కడ స్పష్టంగా విడివడ్డాయి.

అయితే ఆ ప్రాంతంలో ఈ ఉద్యమం క్లౌతో మాత్రమే మొదలు కాలేదు. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ, 1866లో బాప్తిస్మం పొందడానికి ముందే రాజయోగ సాధనలో ఉన్న జిజ్ఞాసువు. అంటే మోక్షచింత అగ్రవర్ణాల సొత్తు కాదు. అది తోళ్ల మూటల వెంట కూడా నడిచింది. ఇక ఆ తొలి విశ్వాసులకు విధించిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పైకి మూడూ మతనియమాలే. ఆచరణలో మూడూ ఊరి ఆర్థిక, సామాజిక వ్యవస్థకు తగిలినవే. ఆదివారం పనికి రాననడం ఆసామి అధికారానికి అడ్డు చెప్పడం. జాతరలో డప్పు కొట్టననడం కులం అప్పగించిన పనిని నిరాకరించడం. దానికి ఫలితంగా వారు ఎదుర్కొన్న వేధింపులు లౌకికమైనవే. ఆరాధనకోసం ఏడింట ఒకరోజు తనదని చెప్పుకున్న మనిషి, అంతకు మునుపు ఏ రోజూ తనది కాని మనిషి. రక్షణను ముందుంచడం వల్ల అతనికి లోకం దూరం కాలేదు. లోకంలో అతనికంటూ ఒక రోజు మొదటిసారి దక్కింది.

జాషువ: ఆకలికి స్థానం

ఈ నేపథ్యంలోనుండి వచ్చిన మహాకవి గుర్రం జాషువ (1895–1971). ఆయన ‘క్రీస్తు చరిత్ర’ పద్యకావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. విమర్శలో ‘గబ్బిలం’ సామాజిక కావ్యంగానూ, ‘క్రీస్తు చరిత్ర’ మతకావ్యంగానూ విడివిడిగా చర్చకు వస్తుంటాయి. ఈ విభజన కూడా ఇహపరాల పాత విభజనకు మరొక రూపమే.

1941లో వెలువడిన ‘గబ్బిలం’లో గుడి ప్రవేశం లేని నిరుపేద తన గోడును శివునికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. మనిషికి లేని ప్రవేశం ఆ ప్రాణికి ఉంది. మేఘసందేశంలో విరహం ఉన్నచోట ఇక్కడ ఆకలీ అంటరానితనమూ నిలిచాయి. ఈ కావ్యంలో దైవాన్ని నిరాకరించే ధోరణి కంటే దైవాన్ని జవాబుదారీని చేసే ధోరణి బలమైనది. ఆకలి లౌకిక విషయం కనుక దేవుడి ముందు ఎత్తరాదని కథానాయకుడు అనుకోడు. దేవుడితో మాట్లాడవలసిన మొదటి విషయం అదేనని భావిస్తాడు. ఇది ప్రభువు ప్రార్థనలోని వైఖరికి దూరమైంది కాదు. ఎదుటనున్న దేవుడి పేరు వేరైనా, తిండిని దేవుడి ఎదుటే అడగాలన్న నమ్మకం ఒకటే. అందుచేత ‘ఐహిక విచారము’ అన్న మాట కింద కొట్ల ధనవంతుడి లెక్కలనూ, ‘గబ్బిలం’ కథానాయకుడి ఆకలినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మొదటిది దేవుణ్ణి తన లెక్కలోనుండి తీసివేసింది. రెండవది దేవుణ్ణే వెదుక్కుంటూ బయలుదేరింది.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వాదానికి ఎదురు నిలిచే విషయాలను దాటవేయడం సరికాదు. మొదటిది, తెలుగు క్రైస్తవ గీతాల్లో లోకాన్ని పూర్తిగా తృణీకరించే పాటలు లేకపోలేదు. భూస్థాపన వేళల్లో పాడే పాటల్లో ఈ స్వరం గట్టిగా వినిపిస్తుంది. కాని ఆ పాటల సందర్భం వేరు. శవం ముందు నిలబడ్డవారికి లోకం నిలవదన్న మాట సిద్ధాంతం కాదు, ఓదార్పు. ఓదార్పు మాటను జీవన విధానంగా మార్చినప్పుడే చిక్కు వస్తుంది.

రెండవది ఇంతకన్న బరువైన ఆక్షేపణ. రక్షణకు ప్రాధాన్యమన్న బోధను పేదల నోరు మూయించడానికి వాడిన సందర్భాలు ఉన్నాయి. కూలి పెంచమన్నవాడికి పరలోకంలో ప్రతిఫలముందని చెప్పడం సులభం. దీన్ని కాదనలేం. అయితే ఆ మాట చెప్పినవాడు తన కొట్లను ముందు నిలుపుకొని ఎదుటివాడి చేత రాజ్యాన్ని వెదికించాడు. వరుస పాటించవలసిన బాధ్యత చెప్పేవాడి మీద కూడా ఉందన్న సంగతిని మరుగుపరిచాడు. నిత్యజీవాన్ని గురించి అడగవచ్చిన ధనవంతుడైన యువకుడికి ఉన్నది అమ్మి బీదలకిమ్మన్న ఆజ్ఞ దొరికింది. అతడు దుఃఖపడుతూ వెళ్లిపోయాడు. ఆ ఆజ్ఞ బీదలకు చెప్పింది కాదు.

మూడవది ఈనాటి విషయం. విశ్వసిస్తే ఉద్యోగం, వీసా, సొంతిల్లు వస్తాయన్న ప్రసంగ ధోరణి నేటి సభల్లో బలంగా వినిపిస్తోంది. ఇహాన్ని తృణీకరించిన పాత ధోరణికి ఇది ప్రతిక్రియలా కనిపిస్తుంది. నిజానికి రెంటిలోనూ ఉన్న లోపం ఒకటే. ఒకటి రెండవదాన్ని కొట్టివేసి మొదటిదాన్ని ఒంటరిని చేసింది. మరొకటి రెండవదాన్ని పొందడానికి మొదటిదాన్ని నిచ్చెన చేసుకుంది. రెంటిలోనూ వరుస చెడింది. తక్కినవి సమకూరుతాయన్న వాగ్దానం వెదికే మనిషి లక్ష్యాన్ని చెప్పదు, అతని నిశ్చింతకు కారణాన్ని చెబుతుంది.

ముగింపు

తెలుగు క్రైస్తవ సాహిత్యంలో విశ్వాసానికీ రక్షణకూ ఇచ్చిన ప్రాథమ్యాన్ని వైరాగ్యంగా చదవడం మన భాషలోని ఇహపర ద్వంద్వం వల్ల ఏర్పడిన అలవాటు. ప్రభువు ప్రార్థన క్రమం, పల్లవి చుట్టూ తిరిగే కీర్తన గతి, పురుషోత్తమ చౌదరి కుల పరీక్ష, ఒంగోలు కరువులోని నిరీక్షణ, జాషువ ఆకలి సందేశం ఈ అలవాటును సమర్థించడం లేదు. ఇవన్నీ లోకాన్ని తుడిచివేసినవి కావు. లోకంలో దేనికి ఎంత చోటు ఇవ్వాలో తేల్చుకోవడానికి చేసిన ప్రయత్నాలు. వదులుకోవడానికి ఆస్తి, హోదా ఉన్న మనిషికి ఈ బోధ త్యాగంగా వినిపిస్తుంది. ఏమీ లేనివాడికి ఇది, తన విలువ ఆసామి కొట్టులో గాని కులం నిచ్చెనలో గాని కొలవబడదన్న ధైర్యంగా వినిపిస్తుంది. మొదటి శ్రోతకోసం పుట్టిన వైరాగ్య భాషతో రెండవ శ్రోత అనుభవాన్ని కొలవడం వల్లనే మన విమర్శ దారి తప్పింది.

ఇకమీదట ఈ సాహిత్యాన్ని చదివేటప్పుడు కవి లోకాన్ని ఎంత నిందించాడన్న ప్రశ్నతో ఆగకుండా, ఏ స్థానంలో నిలిచి, ఎవరి ఎదుట, దేనిని రెండవ స్థానానికి జరిపాడన్న ప్రశ్న వేయవలసి ఉంది. ఆదివారం నాడు పొలానికి రానని చెప్పిన ఆ పేరులేని కూలివాడు ఏ గ్రంథమూ రాయలేదు. ‘మొదట’ అన్న మాటకు అతడు తన బతుకుతో చెప్పిన అర్థం మన నిఘంటువుల్లోకి, మన విమర్శలోకి ఇంకా చేరవలసి ఉంది.